చూసినవాడు రెట్టింపు కట్టాలి

పేకాట మనిషిని పాడుచేస్తుందని మా అమ్మ అనేది. అది అబద్ధం. నన్ను పాడుచేసింది పేకాట కాదు, నాతో పేకాడినవాళ్లు. పేకముక్క పాపం ఎవరికీ ఏ మాటా ఇవ్వదు, ఇచ్చి తప్పదు.

తెనాలి నుంచి రేపల్లెకి పొద్దున్నే వెళ్లే పాసింజరులో సాగేది మా ఆట. అప్పటికి డెబ్బయ్యో దశకం మొదలైంది. ఆ రైల్లో సీజను టిక్కెట్టువాళ్లకి ఎవరి పెట్టె వాళ్లకుండేది, ఎవరి బల్ల వాళ్లకుండేది. ఎదురెదురు బల్లల మీద నలుగురు కూర్చుని, మోకాళ్లు దగ్గరకి చేర్చి, వాటి మీద తువ్వాలు పరిస్తే అదే క్లబ్బు. నాలుగు జతల మోకాళ్లుంటేనే తువ్వాలు నిలుస్తుంది. ముగ్గురే ఉంటే ఒక మూల జారి ముక్కలన్నీ కిందపడతాయి. అందుకని నాలుగోవాడు రాని రోజున "ఎవరన్నా ఒక మోకాలివ్వండయ్యా" అని పెట్టెంతా వినబడేలా కేకేసేవాళ్లు. నేను ఆటలోకి మనిషిగా వెళ్లలేదు. మోకాలుగా వెళ్లాను.

తువ్వాలు మా పెద్దగుమాస్తాది. రేపల్లెలో ఒక ధాన్యం మిల్లులో ఆయన పెద్దగుమాస్తా, నేను కాటా గుమాస్తాని. బస్తాలు కాటా మీదకి ఎక్కిస్తుంటే తూకం చూసి పుస్తకంలో రాయడం నా పని. ఆయనది పర్మనెంటు. నాది సీజను ఉద్యోగం. కొత్త ధాన్యం వస్తే రమ్మంటారు, బస్తాలు అయిపోతే పొమ్మంటారు. పొమ్మన్న నెలల్లో తెనాలిలో ముఠాతో కలిసి బస్తాలు మోసేవాణ్ణి. అరవయ్యో దశకమంతా, నా వయసువాళ్లు కాలేజీల్లో చేరుతుంటే, నేను మోస్తూనే ఉన్నాను. కుడి భుజం మీద కాయ కాసింది. ఇప్పటికీ ఉంది, చొక్కా విప్పితే కనబడుతుంది.

బడి అయిదో తరగతితో సరి. ఆ పైన నాకు చదువు చెప్పింది పొట్లాల కాగితాలు. కిరాణాకొట్టు నుంచి పప్పు తెచ్చినా బెల్లం తెచ్చినా, పొట్లం విప్పి ముందు కాగితం చదివేవాణ్ణి, తర్వాతే సరుకు అమ్మకిచ్చేవాణ్ణి. తల లేని కథలు, తోక లేని వార్తలు, కోర్టు నోటీసులు, ఎవరో ఎవరికో రాసుకున్న ఉత్తరాలు. ఇంగ్లీషు అక్షరాలు మందుసీసాల మీద నేర్చుకున్నాను. చేతికొచ్చిన కాగితాన్ని చదవకుండా వదలడం నావల్ల ఇప్పటికీ కాదు. ఇది గొప్పకి చెప్పడం లేదు. నా కొంప ముంచింది ఈ అలవాటే.

తువ్వాలుకి రెండో మనిషి రేపల్లె హైస్కూల్లో లెక్కల మాస్టారు. మూడో మనిషి మా మిల్లులోనే ఇంకో సీజను గుమాస్తా, ఖాళీ గోనెల లెక్క చూసేవాడు. బాపట్లవాడు, తెనాలిలో గది తీసుకుని ఉండేవాడు. నా ఈడువాడే. పదకొండో తరగతి ప్యాసయ్యాడు, క్రాఫు దువ్వుకోవడం వచ్చు. అలా మిగిలింది ముగ్గురే. నాలుగోవాడిగా ఉండే కోర్టు గుమాస్తాకి బదిలీ అయింది కాబట్టి నా మోకాలు కావలసి వచ్చింది.

"ఏవోయ్, ముక్కలు తెలుసా?" అన్నాడు పెద్దగుమాస్తా.

"తెలీదండి బాబాయిగారూ."

"మోకాళ్లున్నాయిగా. రా, కూర్చో."

"మంచిదేనండి," అన్నాడు లెక్కల మాస్టారు, ముక్కలు కలుపుతూ. "మెదడున్న చోటే మనకి అప్పగించాడు కుర్రాడు."

పెట్టెంతా నవ్వింది. నేనూ నవ్వాను. అలాంటి నవ్వులు ఎన్ని నవ్వానో ఆ రోజుల్లో. తల్చుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

రెండు వారాలు ఊరికే మోకాలుగానే కూర్చున్నాను. తర్వాత పెద్దగుమాస్తాకి జాలో విసుగో పుట్టి ఆట నేర్పాడు. మూడు ముక్కలాట. డబ్బులు కనబడితే పోలీసులతో గొడవని పందేనికి అగ్గిపుల్లలు వాడేవాళ్లు. శనివారం ఎవరి దగ్గర తక్కువ పుల్లలుంటే వాడు రేపల్లె స్టేషను బయట అందరికీ కాఫీ ఇప్పించాలి. ఆయన పాఠం చెప్పే తీరు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"మూడూ ఒకే ముక్క వస్తే దేవుడొచ్చినట్టు. మూడూ ఆసులే అయితే దేవుడు పెళ్లాం బిడ్డలతో సహా వచ్చినట్టు. దాని తర్వాత ఒకే రంగులో వరస. దాని తర్వాత రంగు కలవని వరస. వరస లేకుండా మూడూ ఒకే రంగైతే దాని కింద. ఆ కింద జత. జత కూడా లేదనుకో, ఉన్నదాంట్లో పెద్దముక్క చూసుకుని ఏడవడమే."

సిగరెట్టుపెట్టె అట్ట మీద ఈ వరసంతా రాసుకుని మర్నాడు జంపని స్టేషను దాటకముందే అప్పజెప్పాను. ఇస్పేటు, ఆటీను, డైమను, కళావరు, ఏదీ తడబడలేదు.

"మా తొమ్మిదో తరగతి వెధవలకంటే నయమండి," అన్నాడు మాస్టారు.

"అప్పజెప్పడం కాదు, ఆడటం రావాలి," అన్నాడు పెద్దగుమాస్తా. "అసలు సంగతి ఇప్పుడు విను. పంచిన ముక్కలు చూడకుండా, బోర్లా ఉంచే పందెం కాయొచ్చు. దాన్ని బ్లైండు అంటారు. చూడనివాడు ఒక పుల్ల వేస్తే చూసినవాడు రెండు వెయ్యాలి. వాడు రెండేస్తే నువ్వు నాలుగు."

"ఎందుకండి?"

"చూశావు కాబట్టి."

"చూడటం తప్పాండి?"

"తప్పు కాదురా అబ్బాయ్, ఖరీదు."

ఇంకొక రూలు కూడా చెప్పాడు. ఇద్దరే మిగిలినప్పుడు, చూసినవాడు చూడనివాణ్ణి ముక్కలు తిప్పి చూపించమని అడక్కూడదు. వాడు వేస్తున్నంతసేపూ రెట్టింపు వేస్తూ పోవాలి. వెయ్యలేకపోతే ముక్కలు పడేసి తప్పుకోవాలి. అడిగే హక్కు చూడనివాడికే. ఇది అన్యాయం కదండీ అన్నాను. కళ్లు తెరిచినవాడికి శిక్ష, మూసుకున్నవాడికి రాయితీ, ఎక్కడిదండీ ఈ ధర్మం అన్నాను. "అన్యాయం కాదు, రూలు," అన్నాడు మాస్టారు. పిల్లలకి లెక్కలు చెప్పే మనిషి.

బాపట్లవాడు ఎప్పుడోగాని ముక్కలు చూసేవాడు కాదు. బోర్లా పెట్టి, దాని మీద రెండు వేళ్లానించి, పుల్లలు విసిరేవాడు. నేను మటుకు మూడో ముక్క తువ్వాలు మీద పడీ పడకముందే మూడూ తీసి చూసేవాణ్ణి.

"ఇదేమన్నా పొట్లం కాగితమా గురూ, విప్పగానే చదవడానికి?" అనేవాడు.

వరసగా ఆరు శనివారాలు కాఫీ నేనే ఇప్పించాను.

ఆ సీజన్లోనే కబురొచ్చింది. మా మిల్లువాళ్లు బాపట్లలో కొత్త గోడౌను పెడుతున్నారు, దానికొక కాటా గుమాస్తా కావాలి. సీజను ఉద్యోగం కాదు, పర్మనెంటు. షావుకారు పెద్దగుమాస్తాని పిలిచి ఒక పేరు రాసిమ్మన్నాడు. ఉన్నది ఇద్దరం. అతనికి సర్టిఫికెట్టుంది. నాకు మూడు సీజన్ల తూకం పుస్తకాలున్నాయి, ఒక్క కొట్టివేత లేకుండా. ఆ ఉద్యోగం వస్తే జన్మలో మళ్లీ బస్తా కిందకి భుజం పెట్టక్కర్లేదు. నాకు కావలసిందల్లా అంతే. మేడలడగలేదు, మాన్యాలడగలేదు. వీపు నిటారుగా పెట్టుకుని బతకనిమ్మన్నాను.

"నా పేరు చూడండి బాబాయిగారూ," అని రోజూ అడిగేవాణ్ణి. రైల్లో, మిల్లులో, కాఫీహోటలు దగ్గర.

"చూద్దాంలే," అనేవాడాయన.

అలా మూడు వారాలు చూశాడు.

ఒక గురువారం పొద్దున వేమూరు దాటాక పెద్దగుమాస్తా ముక్కలన్నీ పోగుచేసి తువ్వాలు మధ్యలో పెట్టాడు.

"ఇద్దరూ నా ప్రాణం తోడేస్తున్నారర్రా. నాకు మీరిద్దరూ రెండు కళ్లు. ఏ కన్ను పొడుచుకోమంటారు? ముక్కలనే తేల్చమందాం. పల్లికోన వచ్చేలోపు ఒకే ఒక్క ఆట. గెలిచినవాడి పేరు రాసి ఇవాళే షావుకారుకిస్తాను. మాస్టారే సాక్షి."

హాస్యమనుకున్నాను. ఆయన తువ్వాలు మీద అరచెయ్యి ఆనించాడు. "తువ్వాలు మీద చెయ్యి పెట్టి చెబుతున్నా."

మా పెట్టెలో దానికొక విలువుంది. ఎవడు ఎన్ని పుల్లలేశాడని తగువొచ్చినప్పుడు తువ్వాలు మీద చెయ్యి వేసి చెబితే ఇక ఎదురు మాట లేదు. దేవుడి పటం మీదైనా అబద్ధమాడేవాళ్లున్నారేమోగాని తువ్వాలు మీద ఆడినవాణ్ణి నేనెరగను. అప్పటికి ఎరగను. చుట్టుపక్కల బల్లలవాళ్లు లేచొచ్చి మా మీదకి వంగి నిలబడ్డారు. పాలకేన్లవాడు కేను మీద కూర్చుని మెడ చాచాడు.

అగ్గిపెట్టె బోర్లించి, ఏభై పుల్లలు ఎంచి, ఇద్దరికీ చెరి పాతిక పంచారు. మాస్టారు ముక్కలు కలిపాడు, నేను కోశాను, ఆయన పంచాడు. చెరొక పుల్ల మధ్యలో వేశాం. ఆ మూడు ముక్కలూ నా ముందు బోర్లా ఉన్నాయి. చూడకు, చూడకు అని నాకు నేనే చెప్పుకున్నాను. బాపట్లవాడు చూడకుండానే ఒక పుల్ల వేశాడు. నేనూ ఒక్కటే వేసి ఊరుకుంటే పోయేది. కాని నా బతుకంతా ఆ మూడు కాగితాల మీద రాసుంటే చదవకుండా ఎలా ఉంటాను? తీశాను.

రెండు జాకీలు, ఒక తొమ్మిది. జాకీల జత. చెడ్డముక్కలు కావు.

రెండు పుల్లలు వేశాను. అతను చూడకుండా రెండు వేశాడు, నేను నాలుగు. అతను మళ్లీ రెండు, నేను మళ్లీ నాలుగు. అతను మూడు, నేను ఆరు. నా దగ్గర ఎనిమిది మిగిలాయి. రైలు భట్టిప్రోలులో ఆగి కదిలింది. అతను కిటికీలోంచి చేలవైపు చూస్తూ, నాలుగు పుల్లలు లెక్కపెట్టి మధ్యలో పెట్టాడు. ముక్కల మీద రెండు వేళ్లు అలాగే ఉన్నాయి.

ఇప్పుడు నేను ఎనిమిదీ పెట్టాలి. పెట్టాక అతను చూపించమంటే సరే. అలా కాకుండా ఇంకొక్క పుల్ల వేశాడా, నా దగ్గర వెయ్యడానికి లేదు, జాకీలున్నా ఓడిపోయినట్టే. అతని మొహం చూశాను. చెమట లేదు, తొందర లేదు. జీవితం తువ్వాలు మీద పెట్టి చేలవైపు చూడగల మనిషి నాకు ఆ క్షణాన కొండంత కనిపించాడు. ఇంత నిబ్బరంగా ఉన్నాడంటే వీడికి దేవుడే వచ్చుంటాడనిపించింది. చూడనే లేదు కదా, ఎలా తెలుస్తుంది వీడికి అని మాత్రం తట్టలేదు.

"ఏవోయ్, పల్లికోన వచ్చేస్తోంది," అన్నాడు పెద్దగుమాస్తా.

ముక్కలు పడేశాను.

అప్పుడతను తనవి తిప్పాడు. ఏడు, నాలుగు, రెండు. మూడు రంగులు. వరసా లేదు, జతా లేదు, పెద్దముక్కా లేదు. ఎవరో నావి కూడా తిప్పారు. పెట్టె గొల్లుమంది.

"జాకీల జత పెట్టుకుని పారిపోయాడండీ!"

"ఒరే అబ్బాయ్, ఆ మిగిలిన పుల్లలు ఇంటికి పట్టుకెళ్లు, మీ అమ్మ పొయ్యికి పనికొస్తాయి!"

బాపట్లవాడు నవ్వలేదు. నా భుజం తట్టి, "ఆటన్నాక ఇంతే గురూ," అన్నాడు. మంచివాడనుకున్నాను.

రెండు వారాలకి అతను బాపట్ల వెళ్లిపోయాడు. సీజను అయిపోయింది, నన్ను పొమ్మన్నారు, మరుసటేడు రమ్మనలేదు. జత పెట్టుకుని పారిపోయినవాడన్న పేరు మిల్లుదాకా పాకింది. మళ్లీ ముఠాలో చేరాను. తెనాలి స్టేషన్లో గూడ్సు బండి నుంచి బస్తాలు దించుతుంటే రేపల్లె పాసింజరు కదలడానికి సిద్ధంగా ఉండేది. కిటికీలోంచి పెద్దగుమాస్తా గొంతు: "ఏవోయ్, ఒక మోకాలు తక్కువైంది, వస్తావా?" బస్తా వీపు మీద ఉంటే మనిషి తలెత్తి జవాబు చెప్పలేడు. అందువల్లే ఆయనకి నేను ఎప్పుడూ జవాబు చెప్పలేదు.

నాలుగేళ్లు నన్ను నేనే తిట్టుకున్నాను. ప్రతి బస్తా కిందా ఆ ఎనిమిది పుల్లలు లెక్కపెట్టాను. పెట్టుంటే? అతను చూపించమనేవాడేమో. లేదా మొదట్లోనే చూడకుండా ఉండుంటే? పిరికివాడికి ఉద్యోగమెందుకు, ధైర్యవంతుడికి దక్కింది, న్యాయమే కదా అని నాకు నేను తీర్పు చెప్పుకున్నాను. అమ్మ అడిగితే, "నాకే చేతకాలేదు" అన్నాను. ఆ మాట నమ్ముకునే ఆవిడ పోయింది. దీనికి మాత్రం నేను ఎవర్నీ క్షమించను.

భుజం లొంగిపోయాక పాత కాగితాల వ్యాపారంలోకి దిగాను. తెనాలిలో ఇళ్ల దగ్గర ఆడవాళ్లు కాగితపు సంచులు అంటించి కొట్లకి వేసేవాళ్లు. వాళ్లకి కావలసిన పాత పేపర్లు, పాత ఫైళ్లు రేపల్లెలో, బాపట్లలో కొని తెచ్చేవాణ్ణి. చేతికాటా, గోనెసంచీ, అంతే సరంజామా. చదవడానికి కాగితం కరువులేని ఉద్యోగం, ఆ ఒక్క సుఖం దక్కింది.

బాపట్ల గోడౌనులో పాత ఫైళ్లు తీసేస్తున్నారని తెలిసి వెళ్లాను. బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు అతను. కాస్త ఒళ్లు చేశాడు. "రా గురూ, రా," అని కుర్చీ వేయించి, టీ తెప్పించాడు. ఫైళ్ల కట్టలు నా ముందు పడేశాడు. తూచే ముందు గుండుసూదులూ ట్యాగులూ తీసేయాలి. తీస్తూ చదవడం మామూలే.

మూడో కట్టలో ఆ కాగితం దొరికింది. కార్బను కాపీ. పెద్దగుమాస్తా గుండ్రటి దస్తూరీ. షావుకారుగారికి విన్నవించుకునేది ఏమంటే, బాపట్ల గోడౌనుకి ఫలానావాడు తగినవాడని. ఆ పేరు అతనిది. కింద షావుకారు సంతకం, సరేనని ఒక మాట. పైన తేదీ. ఆ గురువారం తేదీ నేను మరిచిపోయే తేదీ కాదు. కాగితం మీదది దానికి తొమ్మిది రోజుల ముందుది.

"ఇదేంటి?" అన్నాను.

తీసుకుని చూసి నవ్వాడు. దాచే ప్రయత్నం కూడా చెయ్యలేదు. "ఇదా! నీకింకా తెలీదా గురూ? మా నాన్న వెళ్లి పెద్దగుమాస్తాగారితో మాట్లాడొచ్చాడు. అంతకుముందు వారమే అయిపోయింది."

"మరి ఆ ఆటేంటి?"

"రోజూ అడుగుతున్నావుగా, మొహం మీద లేదనలేక సతమతమైపోయాడు పాపం. ముక్కల మీద పోతే వాడికి బాధుండదు, ఎవర్నీ తప్పుపట్టడు అన్నాడు."

పాపమట.

"మాస్టారికి తెలుసా?"

"తెలీకుండా పంచుతారా?"

"నేను గెలిచుంటే?"

అతను కాగితం తిరిగి నా చేతిలో పెట్టాడు. "గెలవడన్నాడు. వాడు ముక్కలు చూడకుండా ఉండలేడు, చూస్తే ఖర్చయిపోతాడు అన్నాడు." మళ్లీ హడావుడిగా, "ముక్కలు మటుకు దొంగముక్కలు కావు గురూ, ఒట్టు. ఆట న్యాయంగానే ఆడాం."

న్యాయంగానే. నాలుగేళ్లు నేను దణ్ణం పెట్టుకున్న ధైర్యం అదన్నమాట. జేబులో ఉద్యోగం పెట్టుకుని చేలవైపు చూసిన ధైర్యం. పోయేదేమీ లేనివాడికి ముక్కలు చూసే పనేముంది? ఆ తువ్వాలు మీద పందెం కాసింది నేనొక్కణ్ణే. మిగిలిన ముగ్గురికీ అది వేమూరు నుంచి పల్లికోన దాకా కాలక్షేపం. తిట్టాలనుకున్నాను. మిగిలిన ట్యాగులు పీకడం మొదలుపెట్టాను.

"మనసులో పెట్టుకోకు గురూ," అంటూ సొరుగులోంచి పేక తీశాడు. "రా, ఇప్పుడొక ఆట వేద్దాం. పందెం లేదు, ఊరికే." కలిపి, తనకి మూడు వేసుకుని, నా చేతికాటా పక్కన మూడు ముక్కలు బోర్లా పెట్టాడు.

ఆ ఉత్తరాన్ని మిగతా కట్టలోనే కలిపేశాను. అన్నిటితోపాటు తూగింది. తెనాలిలో ఏ ఇంట్లో సంచీ అయిందో, ఏ కొట్లో ఎవరి ఇంటికి పప్పు మోసుకెళ్లిందో తెలియదు. గోనెసంచీ మూతి బిగించి, ఎడమ భుజానికి ఎత్తుకున్నాను.

"ఏంటి గురూ, ముక్కలు చూడవా?" అన్నాడు.

చూడలేదు. చేతికందిన కాగితాన్ని చదవకుండా వదిలి వచ్చింది నా జన్మలో ఆ ఒక్కసారే.